ల్యాండ్‌మాస్టరు తూములు

ఆకివీడు,
12 జూన్ 1997

శ్రీవారికి,

మీ సత్యకుమారి నమస్కారాలు. మస్కట్ నుంచి మీరు పంపిన ఫోటో చేరింది. చిక్కిపోయారని అత్తయ్యగారు, నల్లబడ్డారని మావయ్యగారు అన్నారు. నేనేమీ అనలేదు. ఫోటో మాత్రం నా దగ్గరే ఉంది.

అందరం బాగున్నాం. ఈ పంటకి రొయ్యలకి తెగులు రాలేదు. గేదె ఈనింది, పెయ్యదూడ.

అసలు సంగతి రాయడానికి చెయ్యి ఆడటం లేదు. మొన్న మావయ్యగారు ఉండి ఊరు వెళ్ళి, మన ల్యాండ్‌మాస్టరు కారులో కొబ్బరికాయల బస్తా వేసుకుని వస్తున్నారు. వెనకసీటు ముందు నేల తుప్పుపట్టి ఊడిపోయిందని ఆయనకి తెలియదు. బస్తా చిరిగి కాయలు ఒక్కొక్కటీ రోడ్డు మీదకి జారిపోయాయి. వెనక సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు ఏరుకుంటూ మన వాకిలి దాకా వచ్చారు. "రాజుగారండీ, కాయలు పంచుతున్నారేంటండీ? ఏదన్నా మొక్కుబడా?" అని ఒకాయన అడిగాడట. మావయ్యగారికి కోపం నషాళానికి అంటింది.

"మా నాన్నగారు కొన్న కారని ఇన్నాళ్ళూ చూశానే. ఇంక చాలు. ఆగస్టు నెలాఖరుకి రిజిస్ట్రేషన్ గడువు అయిపోతోంది. అడుగు లేని కారుకి బ్రేకినస్పెక్టరు సంతకం పెడతాడా? తణుకులో పాత ఇనుము కొనే ఆయనకి ఇచ్చి పారేస్తాను" అని అత్తయ్యగారితో అన్నారు. నేను వంటింటి తలుపు వెనక నిలబడి విన్నాను. తుప్పు మాట నిజమేనండి. చుట్టూ ఉప్పునీటి చెరువులాయె, మన కిటికీ ఊచలే పొరలుపొరలుగా లేస్తున్నాయి.

మీరు వెళ్ళేటప్పుడు నాతో అన్నమాట గుర్తుందా? కారు నిలబడితే కార్తీకానికి వచ్చేస్తాను, భీమవరంలో పెళ్ళిళ్ళకి తిప్పుకుంటూ ఇక్కడే ఉంటాను, లేకపోతే అక్కడే ఇంకో రెండేళ్ళకి సంతకం పెడతాను అన్నారు. నాకు కారు గురించి ఏమీ తెలియదు. రెండేళ్ళంటే మాత్రం తెలుసు.

ఏం చెయ్యాలో రాయండి. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే నవ్వకండి.

మీ
సత్యకుమారి


మస్కట్,
27 జూన్ 1997

సత్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొబ్బరికాయల దగ్గర నవ్వాను, నాన్నకి చెప్పకు.

భయపడకు. నేనిక్కడ చేసే పనే అది. మా యజమానిని అందరూ అర్బాబు అంటారు. ఆయనకి పాత కార్ల పిచ్చి. సముద్రం పక్కన ఉంటూ ఒక్క కారుకి తుప్పు పట్టనివ్వడు. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. తుప్పు బయటనుంచి రాదు, లోపలినుంచి వస్తుంది. బయట కనబడేసరికి లోపల భోజనం ముగించుకుని చేతులు కడుక్కుంటూ ఉంటుంది.

ముందు ఆకివీడు సెంటర్లో వెల్డింగ్ చేసే శాంతికుమార్‌ని పిలిపించు. కుళ్ళిన రేకు కోసేసి కొత్తది అతికిస్తాడు. తర్వాత కారు అడుగంతా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, తీగ బ్రష్షుతో తోమించు. ఇనుము తెల్లగా కనబడాలి. దాని మీద రెడాక్సైడు రంగు, అది ఆరాక రబ్బరు కలిపిన తారు. భీమవరంలో దొరుకుతుంది.

ఇక లోపలి పని. తలుపులు, తలుపుల కింద మన ఇళ్ళ గడపలాగా పొడుగ్గా పోయే పెట్టెలు, ఇవన్నీ బోలుగా ఉంటాయి. అక్కడ బ్రష్షు దూరదు. మైనం కరిగించి, ఇంజనాయిలు, టర్పెంటైను కలిపి లోపలికి చిమ్మాలి. మైనాన్ని పొయ్యి మీద నేరుగా పెట్టొద్దు, వేడినీళ్ళ గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించు. టర్పెంటైను పొయ్యికి దూరంగా, వాకిట్లో కలపాలి. చిమ్మడానికి చేలో పురుగుమందు కొట్టే స్ప్రేయరు చాలు. దాని గొట్టం పొడుగు కాబట్టి మూలమూలకీ వెళ్తుంది.

తలుపుల అడుగున, ఆ గడపల కింద చిన్నచిన్న రంధ్రాలుంటాయి. బురదతో పూడిపోయి ఉంటాయి. బురద తీయించి, వాటిని జాగ్రత్తగా చూసుకోమని చంద్రరావుకి చెప్పు. చెరువు గట్లు చూసుకునేవాడు, పని శ్రద్ధగా చేస్తాడు.

నేను రాస్తే కారు మాట కనబడగానే నాన్న ఉత్తరం పక్కన పడేస్తారు. నువ్వే చెప్పాలి. ఆగస్టు దాకా ఆగమను.

భాస్కర్

ఫోటో సంగతి. నువ్వేమనుకున్నావో రాయలేదు.


ఆకివీడు,
20 జూలై 1997

శ్రీవారికి నమస్కారాలు.

పని అయిపోయిందండీ! ఎలా జరిగిందో అంతా రాస్తాను.

ముందు మావయ్యగారికి చెప్పడం. మనింటి పద్ధతి మీకు తెలిసిందే, పెళ్ళయి రెండేళ్ళు దాటినా నేను ఆయన ఎదుటికి వెళ్ళను, మాట్లాడను. ఆయన వరండాలో, నేను వంటింటి గుమ్మంలో, మధ్యలో అత్తయ్యగారు. మీరు రాసిన తుప్పు సంగతి, మైనం సంగతి అంతా బట్టీపట్టి అత్తయ్యగారికి వినిపించాను. ఆవిడ వరండా వైపు తిరిగి, "బాగుచేయిస్తుందంట" అన్నారు. అంతే.

"ఎవరు?" అన్నారు మావయ్యగారు.

"మీ కోడలు."

"కారునా?"

"కారునే. గేదెననుకున్నారా?"

ఆయన కారు వైపు ఓసారి చూసి, "ఆగస్టు దాకా. ఆ తర్వాత తణుకాయన" అన్నారు.

శాంతికుమార్ వచ్చి నేల కోసేసి కొత్త రేకు అతికించాడు. అడుగు తోమడానికి కింద పడుకునే చోటు లేదు, వర్క్‌షాపుల్లో ఉండే గొయ్యీ ఇక్కడ లేదు. అప్పుడు చంద్రరావు, "పడవకి తారు పూసేటప్పుడు ఏం చేస్తామండీ? ఒడ్డుకి లాగి ఒరగేస్తాం కదండీ. ఇదీ అంతేనండి" అన్నాడు. పెట్రోలు, ఆయిలు తీసేసి, బ్యాటరీ విప్పి, చెరువు గట్టు మీద వరిగడ్డి మోకాలెత్తు పరిచి, చెరువు పనివాళ్ళందరూ కలిసి హైలెస్సా అంటూ కారుని పక్కకి ఒరగేశారు. ఎంత మెత్తగా పడుకుందనుకున్నారు! కడుపుతో ఉన్న గేదెలాగా. రోడ్డున పోయేవాళ్ళంతా ఆగి చూశారు. నేను పాక సందులోంచి చూశాను. ఒకవైపు తోమి తారు పూశాక, రెండోవైపుకి ఒరగేసి అటూ పూశారు.

మైనం పని నాదే. అత్తయ్యగారి పాత పులుసుగిన్నె తీసుకున్నాను, ఇంక ఆ గిన్నె మనకి లేదనుకోండి. ఆ రోజు కాఫీ తాగి మావయ్యగారు, "ఏమే, మీ కోడలు కాఫీలో టర్పెంటైను పోసిందా?" అని అరిచారు. నిజానికి పొయ్యలేదు. చేతులకి వాసన ఉంది, అంతే.

వేడిగా ఉండగానే స్ప్రేయరులో పోసి శాంతికుమార్ తలుపుల్లోకి, గడపల్లోకి చిమ్మాడు. మైనం అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా కొట్టాడు.

అన్నిటికంటే బాగా కుదిరింది రంధ్రాల పని. మీరు రాసినట్టే చంద్రరావు మైనానికి ముందే ఒక్కొక్కదాన్నీ పుల్లతో గోకి బురద తీశాడు. మైనం చిమ్మాక గుడ్డపీలికలు తారులో ముంచి, ఒక్కొక్కదాంట్లో గట్టిగా కూరేశాడు. "గట్టుకి ఎండ్రకాయ బొరియ కనబడితే వదుల్తామేంటండీ? వేలెడంత బొరియే చెరువంతా తాగేస్తదండి" అన్నాడు. నేను కూడా వెళ్ళి తడిమి చూశాను. ఇప్పుడు కారు మొత్తం మీద ఒక్క రంధ్రం కూడా లేదు. చుక్క నీరు పోదు.

ఫోటోలో మీరు బాగున్నారు.

మీ
సత్యకుమారి


మస్కట్,
24 జూలై 1997

సత్యకి,

ఇక్కడ నా గదిలో ఉండే పల్లంరాజు సెలవు అయిపోయి నిన్న భీమవరం నుంచి వచ్చాడు. బస్సులో వస్తూ తన కళ్ళారా చూశాడట, మన కారు చెరువు గట్టు మీద పక్కకి పడిపోయి ఉందని, చుట్టూ జనం ఉన్నారని. ఎవరు నడిపారు? నాన్నకేమైనా దెబ్బలు తగిలాయా? ఇంత జరిగితే నాకెందుకు రాయలేదు? నేను బాధపడతానని దాచావా?

నాన్న క్షేమమైతే అదే చాలు. కారుతో రుణం తీరిపోయింది. అర్బాబు ఇంకో రెండేళ్ళకి కాగితం తెచ్చి ముందు పెట్టాడు. ఇవాళ పొద్దున సంతకం పెట్టేశాను. అక్కడికొచ్చి ఏం చెయ్యను?

నాన్న ఎలా ఉన్నారో వెంటనే రాయి.

భాస్కర్


మస్కట్,
5 ఆగస్టు 1997

సత్యా,

నీ జూలై ఉత్తరం ఇవాళ చేరింది. పల్లంరాజుకి చదివి వినిపించాను. "పడుకోబెట్టారా? నేను పడిపోయిందనుకున్నాగా!" అంటాడు. వాడి కళ్ళు తీసి కాకులకెయ్య.

అవన్నీ తర్వాత. ముందు ఆ రంధ్రాలు తెరిపించు! ఈ ఉత్తరం చదివే చోటునుంచే లేచి వెళ్ళు! నీళ్ళు బయటికి పోవడానికే అవి ఉన్నది. ఎందుకున్నాయో రాయకపోవడం నా బుద్ధితక్కువ. వానపడితే తలుపులు నిండిపోతాయి, మీరు పడ్డ కష్టమంతా గంగపాలు.

సంతకం సంగతి ఏం చెయ్యాలో తోచడం లేదు. పెట్టిన సంతకం తీసెయ్యమని పెద్దాయన ముందుకెళ్ళి ఎలా అడగను? ఆయన ఎదురుగా నిలబడితే నాకు హిందీ కూడా రాదు.

భాస్కర్


ఆకివీడు,
9 ఆగస్టు 1997

మీకు,

ఇరవై నాలుగో తారీఖు ఉత్తరం అందింది. చదివి పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. కారు పడిపోలేదు. మావయ్యగారికి దెబ్బలు తగల్లేదు. నేను ఏదీ దాచలేదు. అదంతా ముందే రాసి పోస్టు చేశాను, ఈపాటికి చేరే ఉంటుంది. పల్లంరాజుగారి మాట విని సంతకం పెట్టారు. నా ఉత్తరం కోసం ఒక్క వారం ఆగలేకపోయారా?

సరే, ఇక్కడ జరిగింది వినండి.

తారు వాసన పోవాలని కారుని వాకిట్లో ఉంచాం. ముసురు పట్టి వదలకుండా కురిసింది. వాన వెలిశాక మావయ్యగారు తలుపు తీస్తే లోపల గలగలమని చప్పుడు. ఆయన తలుపు వేశారు, తీశారు, మళ్ళీ వేశారు. "ఇదేంటే, తలుపుల్లో చెరువులు తవ్వించిందా?" అన్నారు. అనడానికి అత్తయ్యగారు ఇంట్లో లేరు. వాళ్ళ అక్కగారితో ద్రాక్షారామం వెళ్ళారు. ఆయన గోడతో అన్నారు. నేను గోడకి ఇవతల ఉన్నాను.

ఒక్క రంధ్రం లేదే, నీళ్ళెలా వెళ్ళాయని నాకు ఒకటే ఆలోచన. మావయ్యగారు నిద్రపోయే వేళ చూసి, చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి తలుపు అద్దం మీద పోశాను. అద్దం జారే సందులోంచి నీళ్ళు బుడబుడా లోపలికి దిగిపోయాయి. కింద చూస్తే చుక్క రాలేదు. అప్పుడు తెలిసిందండీ. పైనుంచి నీళ్ళు దిగడం ఎవరూ ఆపలేరు, కిందనుంచి పోనివ్వాలి. ఎంత మంచి చెరువుకైనా గట్టు ఒక్కటే చాలదు, తూము ఉండాలి. మనం తూములు మూసేశాం.

చంద్రరావుకి కబురు పెడదామనుకునేలోపు తణుకాయన మోటారుసైకిలు దిగాడు. మావయ్యగారే పిలిపించారు. ఆయన తలుపు మీద వేళ్ళతో కొట్టి, చెవి పెట్టి విని, "దీన్ని కారనకూడదండి రాజుగారూ, బిందె అనాలండి" అన్నాడు. మావయ్యగారు నవ్వలేదు. "సరేలెండి, తీసుకుపోండి" అన్నారు.

నేను గుమ్మంలో ఉన్నాను. చెప్పడానికి మధ్యలో ఎవరూ లేరు. బస్తాలు కుట్టే దబ్బనం చూరులోంచి లాక్కుని, కొంగు తలమీదకి తీసుకుని వాకిట్లోకి వచ్చేశాను.

"మావయ్యగారూ, ఒక్క నిమిషం ఆగండి!"

గట్టిగా అనాలనుకోలేదు. గట్టిగా వచ్చింది. తణుకాయన ఒకడుగు వెనక్కి వేశాడు. మావయ్యగారు నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశారు.

"అవి బొరియలు కావండి. తూములండి. మేమే మూసేశాం" అని, తల ఎత్తకుండా కారు పక్కన కూర్చుని, తలుపు అడుగున దబ్బనంతో పొడిచి తారుపీలిక లాగేశాను. నీళ్ళు ధార కట్టి వచ్చి తణుకాయన చెప్పుల్లోకి వెళ్ళాయి. ఆయన ఎగిరి గంతేశాడు.

మావయ్యగారు వంగి చూశారు. జన్మంతా చెరువుల మీదే బతికిన మనిషి, ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. "తూములా!" అన్నారు. "ఇంకెన్ని ఉన్నాయమ్మా?"

నాతోనే అన్నారండీ. నాతోనే.

"మూడు తలుపులండి. గడపల కింద కూడా ఉన్నాయండి."

"ఇటు తే" అని దబ్బనం తీసుకుని, పంచె ఎగ్గట్టి ఆయనే కింద కూర్చున్నారు. ఒక్కొక్కటీ పొడిచి, నీళ్ళు వస్తే "ఇదిగో, పారింది" అంటున్నారు. తణుకాయన చాలాసేపు నిలబడి, చెప్పులు దులుపుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళాడని మావయ్యగారు చూసుకోలేదు కూడా.

తర్వాత శాంతికుమార్ వచ్చి లోపల టార్చిలైటు వేసి చూశాడు. మైనం మీద నీళ్ళు తామరాకు మీద చుక్కల్లా నిలిచాయట. ఎక్కడా తుప్పు లేదు.

పద్దెనిమిదో తారీఖున బ్రేకినస్పెక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారు.

సత్యకుమారి


ఆకివీడు,
20 ఆగస్టు 1997

శ్రీవారికి,

కారు రిజిస్ట్రేషన్‌కి ఇంకో ఐదేళ్ళు ఇచ్చారండీ!

భీమవరంలో ఇనస్పెక్టరుగారు కారు కింద దూరి సుత్తితో అడుగంతా కొట్టి చూశారట. "రాజుగారూ, నిన్నగాక మొన్న వచ్చిన బళ్ళకి కూడా ఇంత మంచి అడుగు లేదండీ, ఎవరు చేశారు?" అని అడిగారట. "మా ఇంట్లో చేశారండి" అని మాత్రం అన్నారట మావయ్యగారు. చంద్రరావు చెప్పాడు. పేరు చెప్పడానికి ఇంకా మొహమాటం.

మీ ఐదో తారీఖు ఉత్తరం ఇవాళే అందింది. తెరిపించు, తెరిపించు అని మీరు రాసిన అక్షరాలు చూస్తే మీరు అరుస్తున్నట్టే ఉంది. అవి తెరిచి పదిరోజులు దాటింది. ద్రాక్షారామం నుంచి వచ్చిన అత్తయ్యగారికి ఒకటే అనుమానం, "నేను లేనప్పుడు ఈ ఇంట్లో ఏం జరిగింది?" అని. మావయ్యగారూ నేనూ మాట్లాడుకోవడం చూసి ఆవిడ అలిగారు. "ఇంక నాతో పనేముంది?" అంటున్నారు. మళ్ళీ ఆవిడ ద్వారా రెండు మాటలు చెప్పించి బుజ్జగించాను.

ఉండి నుంచి ఒకాయన వచ్చి, మాఘమాసంలో వాళ్ళమ్మాయి పెళ్ళికి ఈ కారే కావాలన్నారు. "నడిపేవాడు మస్కట్‌లో ఉన్నాడు, వస్తాడో రాడో" అన్నారు మావయ్యగారు. అని నావైపు చూశారు.

అర్బాబుగారి ముందుకెళ్ళి ఎలా అడగను అని రాశారు. నాకు మీలా చదువు లేదు. ఒంటరిగా బజారుకి వెళ్ళడం కూడా రాదు. రెండేళ్ళుగా నోరెత్తనిదాన్ని, వాకిట్లోకి వచ్చి పరాయి మనిషి ఎదురుగా మావయ్యగారితో మాట్లాడాను. ఆయనేమీ మింగెయ్యలేదు.

మీరు మీ పెద్దాయనతో మాట్లాడలేరా?

మీ
సత్యకుమారి


మస్కట్,
21 సెప్టెంబరు 1997

సత్యా,

ఆలస్యంగా రాస్తున్నాను. అంతా తేలాక రాద్దామని ఆగాను.

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని అర్బాబు గది బయట నిలబడ్డాను. ఒకసారి తలుపుదాకా వెళ్ళి టీ తాగాలని గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చేశాను. రెండోసారి ఆయనే చూసి, "ఏంటి భాస్కర్, కాళ్ళు నొప్పులా?" అన్నాడు. లోపలికి వెళ్ళి, కాగితం వెనక్కి ఇప్పించండి, ఇంటికి వెళ్తాను అన్నాను. వచ్చిన హిందీ అంతా ఒక్క ఊపులో అయిపోయింది.

ఆయన మొహం ముడుచుకుంది. కారణం అడిగాడు. ఏం చెప్పాలో తెలియక కారు కథ మొదలుపెట్టాను. గడ్డి మీద ఒరగెయ్యడం విని కుర్చీలో ముందుకి జరిగాడు. రంధ్రాలు మూసేశారనగానే తల పట్టుకున్నాడు, తన సొంత కారుకే జరిగినట్టు. నువ్వు దబ్బనం తీసుకుని వాకిట్లోకి వచ్చావని చెప్పేసరికి ఇంకో ఇద్దరిని పిలిచి నాచేత మళ్ళీ మొదటినుంచి చెప్పించాడు. చివరికి, "మైనం చిమ్మే పని కొత్తగా చేరిన మలయాళీ కుర్రాడికి పూర్తిగా నేర్పి వెళ్ళు. అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని నువ్విక్కడ ఏం చేస్తున్నావు?" అన్నాడు.

కుర్రాడికి నేర్పేశాను. వీసా రద్దు కాగితాలు ఇవాళ చేతికొచ్చాయి. బొంబాయి దాకా విమానం, అక్కడినుంచి రైల్లో తాడేపల్లిగూడెం. ఉండి ఆయనకి మాఘంలో కారు వస్తుందని నాన్నని చెప్పమను. కాదు, నువ్వే చెప్పు.

ముందు ఈ ఉత్తరం చేరుతుందో, నేనే చేరతానో తెలియదు. దీనికి జవాబు మాత్రం రాయకు సత్యా. అది వచ్చేసరికి ఇక్కడ అందుకోవడానికి నేనుండను.

భాస్కర్